పాదిరిగారి ఉద్యోగం దొరుకుతుంది, సంసారం దొరకదు: సీసీఈడీ సమీక్ష

పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్లికన్ పాదిరి ఎవరి జాడైనా తీయాలంటే ముందుగా తెరవాల్సిన చోటు ఒకటుంది. పూర్తి పేరు ‘క్లర్జీ ఆఫ్ ద చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ డేటాబేస్’. అంత పొడుగు పేరు ఎవరూ అనరు, సీసీఈడీ అంటారు. ఉచితం. లండన్ కింగ్స్ కాలేజీ, కెంట్, రెడింగ్ విశ్వవిద్యాలయాల చరిత్రకారులు 1999లో పని మొదలుపెట్టి 2005లో జనానికి తెరిచారు. 1540 నుంచి 1835 దాకా ఇంగ్లండ్, వేల్స్‌లలో బిషప్పుల కార్యాలయాలు పాదిరుల గురించి రాసుకున్న పద్దులు ఇందులో ఉన్నాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఉద్యోగ చరిత్రకు దీన్ని మించింది లేదు. కుటుంబ చరిత్రకు మాత్రం, పైపైన చూస్తే, ఇందులో ఏమీ లేదు. పెళ్లాం పేరుండదు, పిల్లల పేర్లుండవు, పుట్టిన తేదీ, పోయిన తేదీ కూడా పనిగట్టుకుని సేకరించినవి కావు. దాంతో చాలామంది ఒకసారి చూసి పక్కన పెట్టేస్తారు. అది తొందరపాటు. ఎవరు ఉద్యోగం ఇచ్చారు, ఆ కుర్చీ ఎలా ఖాళీ అయింది అనే రెండు గడులు చదవడం వస్తే, పాదిరిగారి చుట్టాలు, అప్పులు, పెళ్లి ముహూర్తం దాకా ఆచూకీ దొరుకుతుంది. తీగ లాగడం తెలియాలి, అంతే.

ముందు ఇది ఏం కాదో చెప్పుకోవాలి. ఇది జీవిత చరిత్రల నిఘంటువు కాదు. ఒక్కో పద్దు ఒక్కో కాగితంలోని ఒక్కో వాక్యం నుంచి ఎత్తి రాసింది. ఫలానా తేదీన, ఫలానా బిషప్, ఫలానా మనిషికి, ఫలానా పని చేశాడు. ఆ పని పాదిరి అభిషేకం కావచ్చు, నియామకం కావచ్చు, క్యూరేట్‌గానో (ఊరి పాదిరి తరఫున జీతానికి పనిచేసే పాదిరి) స్కూలు మాస్టరుగానో ఇచ్చిన లైసెన్సు కావచ్చు. ఇలాంటి పద్దుల్లో ఒకే మనిషివి అనుకున్నవాటిని సంపాదకులు ఒక గొడుగు కిందికి చేర్చి, ఆ మనిషికి ఒక నంబరు ఇచ్చారు. అన్ని పద్దులకూ ఈ గొడుగు పట్టలేదు. కొన్ని ఇంకా విడివిడిగానే ఉన్నాయి. వాడేవాళ్లలో సగం మంది పప్పులో కాలేసేది ఇక్కడే: వ్యక్తుల జాబితాలో పేరు కనబడగానే అక్కడితో ఆగిపోతారు. విడి పద్దుల్లో కూడా అదే ఇంటిపేరు వెతకాలి. ఆయన మొదటి క్యూరేట్ ఉద్యోగం అక్కడ అనాథలా పడి ఉండవచ్చు.

వెతకడం ఊరి పేరుతో మొదలుపెట్టమని మా సలహా. ఇంటిపేరుతో మొదలుపెడితే స్పెల్లింగుల గోల. ఆస్టెన్, ఆస్టిన్, ఒకే మనిషికి రెండూ రాసేవాళ్లు. మూల కాగితంలో గుమాస్తా ఎలా రాస్తే అలా. ప్యారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ఊరు) పేజీ తెరిస్తే అక్కడ పనిచేసినవాళ్లంతా వరసగా కనిపిస్తారు, మీ మనిషికి ముందెవరు, తర్వాతెవరు అన్నది కూడా తెలుస్తుంది. ఆ ముందు వెనకలే అసలు సరుకు.

ఉదాహరణకు జార్జ్ ఆస్టెన్‌ను తీసుకుందాం. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ తండ్రి. 1731లో కెంట్‌లోని టన్‌బ్రిడ్జ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు, ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చదివి అక్కడే ఫెలో (కాలేజీ భత్యం మీద ఉండే పండితుడు) అయ్యాడు. 1754లో ఆక్స్‌ఫర్డ్‌లో డీకన్ (పాదిరి పనిలో తొలి మెట్టు), 1755లో రోచెస్టర్‌లో ప్రీస్టు (పూర్తి స్థాయి పాదిరి). 1761లో హ్యాంప్‌షైర్‌లోని స్టీవెన్టన్‌కు రెక్టర్, అంటే ఊరి పెద్ద పాదిరి. 1773లో పక్క ఊరు డీన్ కూడా. లెక్క చూడండి: ఒక్క మనిషికి మూడు డయోసిస్‌లు, అంటే ముగ్గురు బిషప్పుల ఏలుబడి ప్రాంతాలు. ఆక్స్‌ఫర్డ్, రోచెస్టర్, వించెస్టర్. పాత పద్ధతిలో అయితే మూడు ఊళ్ల రికార్డు ఆఫీసులు తిరగాలి. అది కూడా ఏ మూడో ముందే తెలిస్తే. ఈ సైటు చేసే అతి పెద్ద ఉపకారం ఈ తిరుగుడు తప్పించడం.

ఇక పద్దుల్లో వాడే మాటలు. వీటికి అర్థం తెలియకపోతే పేజీ నిండా సమాచారం ఉన్నా చేతికేమీ రాదు. ‘ఇన్‌స్టిట్యూషన్’ అంటే ఇక్కడ సంస్థ కాదు, ఒకరు ప్రతిపాదించిన పాదిరికి బిషప్ ఆ ప్యారిష్ ఆత్మల బాధ్యత అప్పగించడం. ప్రతిపాదించే హక్కు బిషప్‌దే అయితే రెండు పనులూ కలిసి ‘కొలేషన్’. ఆ తర్వాత ‘ఇండక్షన్’: ఆర్చ్‌డీకన్ (బిషప్ కింది అధికారి) తరఫు మనిషి వచ్చి పాదిరి చెయ్యి చర్చి తలుపు తాళంచెవి మీద పెట్టిస్తాడు, ఆయన లోపలికెళ్లి గంట కొడతాడు. ఇళ్లూ పొలాలూ దశమభాగాలూ (ఊరి పంటలో చర్చికి చెల్లించే పదోవంతు) చట్టప్రకారం చేతికొచ్చేది అప్పుడే. రెండు నెలల్లోపు చర్చిలో జనం ముందు ముప్ఫై తొమ్మిది విశ్వాస సూత్రాలు చదివి ఒప్పుకోవాలి కూడా. సీసీఈడీలో సాధారణంగా దొరికే తేదీ ఇన్‌స్టిట్యూషన్‌ది. పాదిరి కాపురం మార్చిన తేదీ అది కాదు. ఆస్టెన్ సంగతే చూడండి, 1761లో స్టీవెన్టన్ రెక్టర్ అయ్యాడు గానీ 1764లో పెళ్లయ్యాక భార్యతో దిగింది డీన్ ఇంట్లో. స్టీవెన్టన్ ఇంటికి 1768లో గానీ మారలేదు.

రెక్టర్, వికార్, క్యూరేట్ తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఊరి దశమభాగం మొత్తం రెక్టర్‌ది. వికార్‌కు చిన్న దశమభాగాలు మాత్రమే, ధాన్యం లాంటి పెద్దవి వేరేవాళ్ల చేతిలో ఉండేవి. క్యూరేట్ జీతగాడు. 1713 చట్టం ప్రకారం ఊళ్లో ఉండని రెక్టర్ తన క్యూరేట్‌కు ఏడాదికి 20 నుంచి 50 పౌండ్ల మధ్య ఇవ్వాలని బిషప్ నిర్ణయించవచ్చు. 1796లో ఆ పై హద్దు 75 పౌండ్లకు పెంచారు. ఒక మనిషి పదిహేనేళ్లు క్యూరేట్‌గానే కనిపిస్తున్నాడంటే ఆ ఇంట్లో పెళ్లి ఆలస్యం కావడానికీ, అబ్బాయిలు వేరే వృత్తుల్లోకి పోవడానికీ కారణం అక్కడే దొరికినట్టు.

ఇప్పుడు అసలు గడి. పేట్రన్, అంటే పాదిరిని ప్రతిపాదించే హక్కుదారు. ఆ రోజుల్లో ఈ హక్కు ఆస్తి. అమ్మొచ్చు, కొనొచ్చు, వీలునామాలో రాయొచ్చు. రాజు, బిషప్, కాలేజీ, ఊరి జమీందారు, ఎవరైనా హక్కుదారు కావచ్చు. స్టీవెన్టన్ హక్కు నైట్ కుటుంబానిది. జార్జ్ ఆస్టెన్‌ను పెట్టిన థామస్ నైట్ ఆయనకు దూరపు బంధువు. డీన్ సంగతి ఇంకా రుచికరం. జార్జ్ పెదనాన్న ఫ్రాన్సిస్ ఆస్టెన్, సెవెనోక్స్‌లో వకీలు, ఆ ప్యారిష్‌కు తర్వాతి నియామకం చేసే హక్కును డబ్బిచ్చి కొని అబ్బాయికి కట్టబెట్టాడు. శాశ్వత హక్కు కాదు, ఒక్క దఫాకే. ఇలాంటి చోట ‘ఈ దఫాకు మాత్రమే హక్కుదారు’ అన్న మాట కనబడితే వదలొద్దు. ఊరితో ఏ సంబంధమూ లేని వకీలో, వ్యాపారో, విధవరాలో హక్కుదారుగా కనిపిస్తే నూటికి తొంభై పాళ్లు అది పాదిరి తరఫు చుట్టమో, మామగారో, ఆయన పెట్టిన మనిషో.

స్టీవెన్టన్ పేజీని అలాగే కిందికి చదువుతూ పోండి. 1805లో జార్జ్ పోతే పెద్ద కొడుకు జేమ్స్ రెక్టర్ అయ్యాడు. 1819 డిసెంబరులో జేమ్స్ పోతే తమ్ముడు హెన్రీ. ఆ తర్వాత 1820లలో విలియం నైట్. మూడు పేర్లు ఆస్టెన్, నాలుగోది నైట్. పేర్లు మాత్రమే చూసేవాడు ఇక్కడ కుటుంబం మారిపోయిందనుకుంటాడు. నిజానికి మారలేదు. జార్జ్ మూడో కొడుకు ఎడ్వర్డ్‌ను పిల్లల్లేని నైట్ దంపతులు పెంచుకున్నారు. ఆస్తీ హక్కూ ఆయనకొచ్చాయి, 1812లో ఇంటిపేరు నైట్‌గా మార్చుకున్నాడు. విలియం ఆయన కొడుకే. అంటే తండ్రి తర్వాత అన్నను, అన్న తర్వాత తమ్ముణ్ణి, ఆ తర్వాత సొంత కొడుకును పెట్టే అధికారం ఎడ్వర్డ్ చేతికొచ్చింది. హెన్రీ అంతకుముందు బ్యాంకు నడిపాడు, 1816లో అది మునిగాక అదే ఏడాది చివర పాదిరి అయ్యాడు. ఎడ్వర్డ్ కొడుకు విలియంకు వయసొచ్చేదాకా ఆ కుర్చీ వెచ్చగా ఉంచింది ఆయనే. ఇదంతా సైటు చెప్పదు. కానీ తేదీలు, హక్కుదారు పేరు, ఇంటిపేరు మార్పు పక్కపక్కన పెట్టుకుంటే వంశవృక్షం తనంతట తనే నిలబడుతుంది.

రెండో గడి, ఖాళీ అయిన కారణం. మరణం, రాజీనామా, ‘సెషన్’ అని మూడు ముఖ్యం. సెషన్ అంటే అనుమతి లేకుండా రెండో ప్యారిష్ తీసుకున్నందుకు మొదటిది చట్టప్రకారం జారిపోవడం. ఇది కనబడితే మనిషి బతికే ఉన్నాడు, ఇంకో ఊళ్లో ఇంకా మంచి చోటు దొరికింది, అక్కడ వెతకండి. రాజీనామా అయితే కుటుంబంలో ఇంకొకరికి ఇవ్వడానికా అని అనుమానించండి.

మరణం దగ్గర ఒక ఉచ్చు ఉంది. ‘ఫలానావారు మరణించినందున ఖాళీ’ అన్న వాక్యం కొత్త పాదిరి నియామకం పద్దులో వస్తుంది, కాబట్టి ఆ తేదీ కొత్తాయనది. హక్కుదారుకు ఆరు నెలల గడువు ఉండేది, అది దాటితేనే ఆ దఫా హక్కు బిషప్ చేతికి పోయేది. కనుక పాత పాదిరి ఆరు నెలల ముందే పోయి ఉండవచ్చు. ఎన్నో కుటుంబ వృక్షాల్లో తాతగారి మరణ తేదీగా ఆయన వారసుడి నియామక తేదీ ఎక్కి కూర్చోవడానికి కారణం ఇదే. ఆ పద్దు పట్టుకుని, అంతకు ముందు ఆరు నెలల ఖననాల రిజిస్టరు చూడాలి.

ఇంకో సంగతి, రిటైర్మెంటు అన్న మాటే ఆ వ్యవస్థలో లేదు. జార్జ్ ఆస్టెన్ 1801లో ఊరు వదిలి భార్యతో, ఇద్దరు కూతుళ్లతో బాత్ నగరానికి వెళ్లిపోయాడు. రెక్టర్ పదవి మాత్రం 1805 జనవరి 21న అక్కడే కన్నుమూసేదాకా ఆయనదే. ఊళ్లో పని చూసింది కొడుకు జేమ్స్, క్యూరేట్ హోదాలో. సీసీఈడీలో తేదీలు చూసి ‘1805 దాకా స్టీవెన్టన్‌లో నివసించాడు’ అని రాస్తే తప్పే. పదవి వేరు, నివాసం వేరు. ఆ శతాబ్దంలో ఈ రెండూ కలిసుండటమే విశేషం.

రెండు ప్యారిష్‌ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో కిటుకు. రాజు పుస్తకాల్లో, అంటే 1535 నాటి పాత విలువల్లో, ఏడాదికి 8 పౌండ్లు లేదా అంతకు పైబడిన ప్యారిష్ ఉన్నవాడు రెండోది తీసుకోవాలంటే ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. ఆ అనుమతికి అర్హతల్లో ఒకటి ఏదైనా ప్రభువుకు సొంత చాప్లిన్‌గా (ఇంటి పాదిరిగా) ఉండటం. అందుకని ఊరి పాదిరి ఉన్నట్టుండి ఒక ఎర్ల్‌గారి చాప్లిన్‌గా కనిపిస్తే, ఆయన కోటలో ప్రార్థనలు చేయిస్తున్నాడనుకోకండి. ఎక్కువసార్లు అది కాగితం మీది కొలువు. అదే ఏడాదిలో రెండో ప్యారిష్ కోసం వెతకండి, దొరుకుతుంది.

పెళ్లి జాడ కూడా ఇలాగే తీయాలి. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఫెలోలు పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే ఫెలోషిప్ పోయేది. కాబట్టి కాలేజీలో ముప్ఫై ఏళ్లదాకా ఉండి, ఒక ప్యారిష్ దొరకగానే బయటికొచ్చి పెళ్లి చేసుకోవడం మామూలు వరస. నియామకం తేదీ దొరికితే పెళ్లి ఆ తర్వాతి రెండు మూడేళ్లలో వెతకండి. జార్జ్ ఆస్టెన్ 1761లో రెక్టర్, 1764 ఏప్రిల్ 26న బాత్‌లోని వాల్కాట్ సెయింట్ స్విథిన్ చర్చిలో పెళ్లి. పెళ్లికూతురు కసాండ్రా లీ కూడా పాదిరి కూతురే, తండ్రి థామస్ లీ హార్ప్స్‌డెన్ రెక్టర్. పెళ్లి జరిగింది ఆయన ప్యారిష్‌లోనూ, ఆమె తండ్రి ప్యారిష్‌లోనూ కాదని గమనించండి. ఆయన పేరు పట్టుకుని స్టీవెన్టన్ రిజిస్టరు ఎంత తిరగేసినా లాభం లేదు. పాదిరులు ఎక్కువగా చర్చిలో ముందస్తు ప్రకటనలకు బదులు లైసెన్సు తీసుకుని పెళ్లాడేవాళ్లు కాబట్టి, లైసెన్సు కోసం ఇచ్చిన ప్రమాణపత్రాలు డయోసిస్ దస్తావేజుల్లో చూడాలి.

సీసీఈడీ పెద్దగా పనికిరానిది క్యూరేట్ల విషయంలో. లైసెన్సు తీసుకోకుండానే పనిచేసిన క్యూరేట్లు కొల్లలు. వాళ్లు సీసీఈడీలో దొరికేది బిషప్ తనిఖీకి వచ్చినప్పుడు పిలిచిన హాజరు పట్టీల్లోనే. ఆ పట్టీ ‘ఈ రోజున ఈయన ఇక్కడున్నాడు’ అని మాత్రమే చెబుతుంది. ఎప్పుడొచ్చాడో చెప్పదు. తనిఖీకీ తనిఖీకీ మధ్య మూడేళ్లో అంతకన్నా ఎక్కువో ఉంటే ఆ మధ్య వచ్చి పోయినవాడు పూర్తిగా గల్లంతు.

ఈ కన్నం పూడ్చడానికి పెళ్లిళ్ల రిజిస్టర్లు పనికొస్తాయి. 1754 మార్చి 25 నుంచి, హార్డ్‌విక్ చట్టం వల్ల, ప్రతి పెళ్లి పద్దు కింద జరిపించిన పాదిరి సంతకం, సాక్షుల సంతకాలు ఉంటాయి. ఒక ఊరి రిజిస్టరు 1754 నుంచి ముప్ఫై ఏళ్లు వరసగా తిప్పి, ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా సంతకం పెట్టారో ఒక పట్టిక గీయండి. పేరు పక్కన క్యూరేట్ అని రాసుంటే హోదా కూడా తెలిసినట్టే. రెక్టర్ సంతకం ఏటా రెండు మూడు వారాలే కనబడి మిగతాదంతా ఇంకొకరిదైతే, అయ్యగారు ఎక్కడో ఉంటూ చుట్టపుచూపుగా వస్తున్నారన్నమాట.

సంతకాలకు రెండో ఉపయోగం, ఒకే పేరున్న ఇద్దర్ని విడదీయడం. సీసీఈడీలో ‘సబ్‌స్క్రిప్షన్’ అని కనిపించే పద్దు చందా కాదు. పాదిరి తన చేత్తో ఒప్పుకోలు రాసి సంతకం పెట్టిన పుస్తకం తాలూకు పద్దు. ఆ పుస్తకం ఏ రికార్డు ఆఫీసులో, ఏ నంబరు కింద ఉందో పద్దులోనే ఉంటుంది. ఆ పేజీ ఫోటో తెప్పించుకుని పెళ్లి రిజిస్టరులోని సంతకం పక్కన పెట్టండి. ఇంటిపేరు మొదటి అక్షరం తిప్పిన తీరు ఒక్కటే చాలు, ఇద్దరా ఒక్కరా తేలిపోతుంది. సంపాదకులు ఒకే గొడుగు కింద పెట్టారు కదా అని నమ్మేయకండి. వాళ్ల ముందున్నది పేరూ తేదీయే.

పేరు గందరగోళానికి పేరుమోసిన ఉదాహరణ సెల్‌బోర్న్. ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్‌ను చాలామంది సెల్‌బోర్న్ వికార్ అంటారు. ఆయన ఏనాడూ వికార్ కాదు. ఆ ఊరి వికార్ ఆయన తాత, ఆయన పేరూ గిల్బర్ట్ వైటే. 1728లో పోయాడు. మనవడు 1720లో పుట్టింది ఆ వికార్ ఇంట్లోనే. సెల్‌బోర్న్ హక్కుదారు ఆక్స్‌ఫర్డ్ మోడ్లిన్ కాలేజీ. మనవడేమో ఓరియల్ కాలేజీ ఫెలో. కాలేజీ తన ఫెలోలను కాదని పక్క కాలేజీవాడికి ఇవ్వదు. అందుకే సొంత ఊళ్లో క్యూరేట్‌గానే పనిచేస్తూ, పెళ్లి చేసుకోకుండా ఫెలోషిప్ నిలుపుకుంటూ, 1793లో పోయేదాకా గడిపాడు. ఓరియల్ చేతిలోని మోర్టన్ పింక్నీ అన్న చోటు ఆయనకు ఉన్నా అక్కడ కాపురం లేడు. హక్కుదారు గడి చూసినవాడు ఈ పొరపాటు చేయడు.

తేదీల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో చట్టపరమైన సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి మూడు వారాల పద్దు కాగితం మీద పాత ఏడాదిలో ఉంటుంది. తమ్ముడు అన్నకన్నా ముందు పుట్టినట్టు లెక్క తేలితే ముందు ఇది చూసుకోండి.

డయోసిస్‌కూ డయోసిస్‌కూ సరుకులో తేడా కూడా గట్టిగానే ఉంది. ఎక్కడైనా పుస్తకాలు తగలబడో, ఎలుకలు కొట్టో, అసలు రాయకో పోతే సైటు ఏం చేయగలదు. ఏ డయోసిస్‌కు ఏయే మూలాలు చూశారో రాసిన పేజీలున్నాయి. ‘ఆయన లేడు’ అని తేల్చే ముందు ఆ పేజీ చదవాలి. ఇంత మంచి వివరణ రాసి పెట్టి దాన్ని వెతుకులాట పేజీకి దూరంగా ఉంచడం ఈ సైటు మీద మాకున్న ఫిర్యాదు. పదకోశం కూడా అంతే, కావాల్సిన గడి పక్కన ఉండదు.

ఇక తండ్రి ఎవరు అన్న ప్రశ్న. దీనికి సీసీఈడీ ఒక్కటే సరిపోదు, విశ్వవిద్యాలయాల పట్టికలు కావాలి. కేంబ్రిడ్జ్ వాళ్లది ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంది, ఆక్స్‌ఫర్డ్‌వి అచ్చు సంపుటాల స్కానులు దొరుకుతాయి. ఆక్స్‌ఫర్డ్ పట్టికలో చేరినప్పటి వయసు, తండ్రి పేరు, ఊరు, అంతస్తు ఉంటాయి. అంతస్తు పొట్టి అక్షరాల్లో రాస్తారు: పాదిరి కొడుకైతే ‘క్లెర్’, పెద్దమనిషి కొడుకైతే ‘జెన్’, వంశ చిహ్నం ఉన్నవాడైతే ‘ఆర్మ్’, సామాన్యుడైతే ‘ప్లెబ్’. ‘క్లెర్’ కనబడితే పండగే. వెంటనే తండ్రిని కూడా సీసీఈడీలోనే వెతకొచ్చు.

అభిషేకం కాగితాలు మిగిలుంటే ఇంకా మంచిది. డీకన్ కావాలనుకున్నవాడు బాప్తిస్మ ధ్రువపత్రం, కాలేజీ ఇచ్చిన నడవడిక పత్రం, తన ఊరి చర్చిలో ‘ఇతని మీద ఎవరికైనా అభ్యంతరముందా’ అని చదివించిన పత్రం, పని ఇస్తానని ఒక రెక్టర్ రాసిచ్చిన హామీ పట్టుకెళ్లాలి. బాప్తిస్మ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు. రెక్టర్ హామీలో ఏడాది జీతం ఎన్ని పౌండ్లో అంకెతో సహా. ఇవి సీసీఈడీలో కనిపించవు. కానీ ఏ బిషప్, ఏ ఏడాది అన్నది సీసీఈడీ చెప్పేస్తుంది కాబట్టి ఆ రికార్డు ఆఫీసుకు సూటిగా రాయొచ్చు. కాగితాలు మిగిలినచోట మిగిలాయి, లేనిచోట లేవు, అంతే.

పిల్లల కోసం ప్యారిష్ రిజిస్టరే దిక్కు. 1813కు ముందు బాప్తిస్మాలకు అచ్చు ఫారాలు లేవు, తండ్రి వృత్తి రాయాలన్న నియమమూ లేదు. అయితే రిజిస్టరు రాసేది ఎక్కువగా పాదిరే కాబట్టి సొంత బిడ్డ దగ్గర కాస్త ధారాళంగా రాసుకునేవాడు. పుట్టిన రోజు, ఒక్కోసారి పేరు పెట్టినవాళ్లెవరో కూడా. పిల్లల్లో ఎవరో కనబడకపోతే తండ్రి క్యూరేట్‌గా చేసిన ప్రతి ఊరూ చూడాలి. ఆస్టెన్ దంపతులకు ఎనిమిది మంది, 1765 నుంచి 1779 మధ్య: జేమ్స్, జార్జ్, ఎడ్వర్డ్, హెన్రీ, కసాండ్రా, ఫ్రాన్సిస్, జేన్, చార్ల్స్. వీళ్లలో సీసీఈడీలో చోటు దక్కేది పాదిరులైన జేమ్స్‌కూ హెన్రీకీ మాత్రమే. ఫ్రాన్సిస్, చార్ల్స్ నౌకాదళంలోకి వెళ్లారు. రెండోవాడు జార్జ్ జబ్బు మనిషి, వేరేచోట ఉంచి పెంచారు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాదిరిగారి అక్క ఫిలడెల్ఫియా 1752లో ఓడెక్కి, మరుసటి ఏడాది మన కడలూరులో టైసో సాల్ హాంకాక్‌ను పెళ్లాడింది. ఆ పెళ్లి కథ కోసం ఏ డయోసిస్ పుస్తకం తిప్పినా వృథాయే.

వీలునామాకు వెళ్లేముందు పాదిరికి ఆస్తులు ఎన్ని డయోసిస్‌లలో ఉన్నాయో చూసుకోండి. ఇది సీసీఈడీ చూసి ఊహించవచ్చు. ఒక డయోసిస్‌లోనే ఉంటే స్థానిక చర్చి కోర్టులో. ఒకటి కంటే ఎక్కువ డయోసిస్‌లలో 5 పౌండ్లు దాటిన సొత్తు ఉంటే ఆర్చ్‌బిషప్ కోర్టులో. దక్షిణ ఇంగ్లండ్‌కు అది కాంటర్బరీ, ఆ వీలునామాల నకళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండు డయోసిస్‌లలో ప్యారిష్‌లున్న పాదిరికి ఎక్కువగా ఇదే దారి. చదివేటప్పుడు ‘డిలాపిడేషన్స్’ అన్న మాట కోసం చూడండి. ఇంటి కప్పు కారుతున్నా, గోడ పగిలినా, చర్చి పీఠం వైపు భాగం పాడైనా ఆ మరమ్మతు ఖర్చు చనిపోయిన పాదిరి ఆస్తి నుంచి వసూలు చేసుకునే హక్కు కొత్త పాదిరికి ఉండేది. భర్త పోయి, ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చి, దశమభాగం ఆగిపోయి, పైపెచ్చు ఈ బిల్లు. విధవరాలి చేతికి వీలునామాలో రాసినంత ఎందుకు రాలేదో ఇక్కడ తెలుస్తుంది. జార్జ్ ఆస్టెన్ పోయాక ఆయన భార్యా కూతుళ్లూ కొడుకులిచ్చే సొమ్ముతో ఇళ్లు మారుతూ గడిపి, 1809లో ఎడ్వర్డ్ ఇచ్చిన చాటన్ ఇంట్లో స్థిరపడ్డారు. అలాంటి కొడుకులు లేనివాళ్లకు సన్స్ ఆఫ్ ద క్లర్జీ అనే ధర్మసంస్థ, బ్రామ్లీ కాలేజీ వంటి విధవల ఆశ్రమం దిక్కు. మీ పాదిరిగారి భార్య ఉన్నట్టుండి ఊరి రిజిస్టర్లలోంచి మాయమైతే అటువైపు కూడా ఒక కన్నేయండి.

చివరిగా, దొరికింది రాసుకునేటప్పుడు మనిషి నంబరొక్కటే రాసుకుంటే చాలదు. గొడుగులు ఎప్పుడైనా విడిపోవచ్చు, కలవచ్చు. ప్రతి విడి పద్దు నంబరు, దాని మూల పుస్తకం పేరు, పేజీ, రికార్డు ఆఫీసు పేరు, మీరు చూసిన తేదీ ఐదూ పక్కపక్కన రాసి పెట్టుకోండి.